హార్మోన్ లేని మీడియం కోసం: రక్తనాళ కణాలతో ప్రాజెక్టు డైరీ

ప్రశ్న రాసుకున్న వారం

ఈ ప్రాజెక్టులో తేల్చాల్సింది చెప్పడానికి చిన్నదే. రక్తనాళాల లోపలి గోడ మీద ఒకే ఒక్క కణం మందాన పరుచుకుని ఉండే ఎండోథీలియం కణాలకు ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ హార్మోన్ తగిలితే మొదటి అరగంటలో ఏం జరుగుతుంది? అదే సమయంలో ఇన్సులిన్ కూడా ఉంటే ఆ జవాబు మారుతుందా?

అరగంట అని గీత గీసుకోవడానికి కారణం ఉంది. ఈస్ట్రడయోల్ స్టిరాయిడ్ హార్మోన్. కణం పొర దాటి లోపలికి వెళ్లి, హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్ అయిన రిసెప్టర్‌ను పట్టుకుని, కేంద్రకంలో జన్యువులను ఆన్ చేస్తుందని డిగ్రీలో చదువుకుంటాం. ఆ దారిలో కొత్త ప్రొటీన్ తయారై పని మొదలుపెట్టేసరికి గంటలు పడుతుంది. కానీ ఎండోథీలియం కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఆల్ఫా కొంత కణం పొర దగ్గరే, కేవియోలే అనే చిన్న చిన్న గుంటల్లో ఉంటుంది. ఈనాస్ అనే ఎంజైమ్ మకాం కూడా అక్కడే. హార్మోన్ తగలగానే పీఐ3 కైనేజ్, దాని వెనకే ఏకేటీ అనే కైనేజ్ (కైనేజ్ అంటే ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్) మేల్కొంటాయి. ఏకేటీ వెళ్లి ఈనాస్‌లో 1177వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ పెడుతుంది. దాంతో ఈనాస్ చురుకై ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఆ వాయువు పక్కనే ఉన్న నునుపు కండర కణాల్లోకి పాకి వాటిని వదులు చేస్తుంది, నాళం వెడల్పవుతుంది. జన్యువుల ప్రమేయం లేకుండా నిమిషాల్లో జరిగే పని ఇది. మాకు కావాల్సింది ఈ పొట్టి దారి.

ఈ పొర సంగతి బయటపడిన తీరు కూడా గుర్తుపెట్టుకోదగ్గదే. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్స్కీ కుందేలు బృహద్ధమని ముక్కల మీద పనిచేస్తూ, లోపలి పొర చెదరని ముక్కలు అసిటైల్‌కోలిన్ వేస్తే వదులవుతున్నాయని, ఆ పొర రాసుకుపోయిన ముక్కలు కావడం లేదని చూపించారు. అంటే కండరాన్ని వదులు చేసే పదార్థమేదో ఆ పల్చటి పొరలోంచి వస్తోంది. అది నైట్రిక్ ఆక్సైడే అని 1987 నాటికి తేలింది. 1998 నోబెల్ ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు వచ్చింది. ముక్కను చేత్తో ఎలా పట్టుకున్నారన్న దాని మీద జవాబు మారిపోయిన ప్రయోగం అది. మా ప్రాజెక్టుకు ఆ మాట ఎంత దగ్గరో తర్వాత తర్వాత తెలిసింది.

కణాలు వచ్చాయి

హ్యూవెక్ కణాలు తీసుకున్నాం. బొడ్డుతాడులోని సిర లోపలి పొర నుంచి వేరుచేసినవి. 1973లో జాఫీ బృందం కొలాజినేజ్ ఎంజైమ్‌తో వీటిని విడదీసి పెంచే పద్ధతి చెప్పినప్పటి నుంచి ప్రపంచంలో సగం ల్యాబులు వీటితోనే పని నడుపుతున్నాయి అంటే పెద్ద అతిశయోక్తి కాదు. దొరకడం తేలిక, పెరగడం తేలిక. తూకానికి ఇంకో మాట కూడా చెప్పాలి: ఇవి ధమని కణాలు కావు, పెద్దవాళ్ల కణాలు కావు. ధమనుల్లో జబ్బు ఎలా మొదలవుతుందో చెప్పమంటే ఇవి చెప్పలేవు. రిసెప్టర్ నుంచి ఎంజైమ్ దాకా సిగ్నల్ ఎలా నడుస్తుందని అడిగితే మాత్రం నిజాయితీగానే చెబుతాయి.

ఫ్లాస్కులకు ముందుగా జెలటిన్ పూత వేసి కణాలు వదిలాం. రెండో రోజుకల్లా అంచులు అంటుకుని, రాళ్లు పరిచిన నేలలా కనిపించాయి. మైక్రోస్కోప్ కింద ఆ ఆకారం కనబడితే సగం టెన్షన్ తగ్గుతుంది. కోలగా, దారాల్లా సాగుతున్నాయంటే అనుమానించాలి. పాసేజ్ (కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చిన లెక్క) పెరిగేకొద్దీ ఈ కణాల్లో ఈనాస్ తగ్గుతూ పోతుంది కాబట్టి, ఐదో పాసేజ్ దాటిన ఫ్లాస్క్ ప్రయోగానికి వాడకూడదని గోడ మీద రాసి అంటించాం. ఎవరు బతిమాలినా సరే.

దాత సంగతి మీద చిన్న చర్చ నడిచింది. అమ్మడానికి వచ్చే వయల్స్‌లో చాలావరకు కొంతమంది దాతల కణాలు కలిపినవి. ఆడ శిశువు తాడు, మగ శిశువు తాడు అన్నీ కలిసి ఉంటాయి. మిగతా ప్రాజెక్టుల్లో ఇది పట్టించుకోకపోయినా నడుస్తుందేమో గానీ, సెక్స్ హార్మోన్ మీద పనిచేస్తూ కణం ఏ సెక్స్‌దో తెలియదంటే బాగుండదు. మా ప్రాజెక్టు చూసే మేడమ్ గట్టిగా పట్టుబట్టారు. శిశువు సెక్స్ రాసి ఉన్న, ఒక్కో దాతవి విడివిడిగా ఉన్న వయల్స్ తెప్పించాం. ఖర్చు పెరిగింది. పెరగనీ.

మీడియం సీసా

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మీడియం అంటే డిష్‌లో కణాలకు ఆహారంగా పోసే ద్రవం. ఎండోథీలియం కణాల కోసం రెడీమేడ్‌గా వచ్చే మీడియం కిట్లలో చిన్న చిన్న ట్యూబులు ఉంటాయి. ఒక్కొక్కటే పెద్ద సీసాలో కలుపుకోవాలి. కలిపేముందు లేబుళ్లు చదివాం: వీఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్, ఈజీఎఫ్, ఐజీఎఫ్-1 (ఈ నాలుగూ కణాలను పెంచే ప్రొటీన్లు), హెపారిన్, ఆస్కార్బిక్ ఆమ్లం, హైడ్రోకార్టిసోన్, పశువుల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం).

హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసాలే. మనం ఏ హార్మోన్ మీద ప్రయోగం చేస్తున్నా, దాన్ని వేయకముందే ఇంకో స్టిరాయిడ్ హార్మోన్ డిష్‌లో కూర్చుని ఉంది. అది కూడా ఏదో కొసరుగా కాదు. కొన్ని ఫార్ములాల్లో మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ఉంటుంది. లెక్కేస్తే సుమారు 2.8 మైక్రోమోలార్. ఉదయం పూట మనిషి రక్తంలో కార్టిసాల్ మొత్తం 0.15 నుంచి 0.7 మైక్రోమోలార్ ప్రాంతంలో ఉంటుంది, అందులోనూ 90 శాతం దాకా ప్రొటీన్లకు అతుక్కుని పనికిరాకుండా తిరుగుతుంటుంది. మరి కార్టిసాల్ లాంటి గ్లూకోకార్టికాయిడ్లు ఎండోథీలియంలో చేసే పని చిన్నదా? ఈనాస్ తయారీని తగ్గిస్తాయి, కణాల మధ్య అతుకులు బిగిస్తాయి, తెల్ల రక్తకణాలను పట్టుకునే అంటుడు ప్రొటీన్లను అణుస్తాయి. అంటే మేం కొలవబోయే ఎంజైమ్ మీదే దాని చెయ్యి ఉంది.

ఐజీఎఫ్-1, వీఈజీఎఫ్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆ రెండూ పీఐ3 కైనేజ్, ఏకేటీ దారినే వాడతాయి. ఈస్ట్రడయోల్ నడవాల్సిన రోడ్డు మీద అప్పటికే ట్రాఫిక్ నిండుగా ఉందన్నమాట. ఈ మీడియంలో హార్మోన్ ప్రభావం కొలవడమంటే వానలో నిలబడి ఎంత చెమట పట్టిందో చూసుకోవడమే.

అందుకని ప్లాన్ రెండు ముక్కలు చేశాం. కణాలు పెరిగేది పూర్తి మీడియంలో. ప్రయోగానికి ముందు అన్నీ తీసేసిన ఖాళీ మీడియంలోకి మార్పు. ఆ ఖాళీ మీడియం నిజంగా ఖాళీయేనా అని చూసుకోవడానికి చాలా సమయం పట్టింది. ఈ డైరీలో ఎక్కువ పేజీలు దానికే పోయాయి. నా దృష్టిలో ఆ పేజీలే ముఖ్యం.

ఎర్ర రంగు, సీరం

మీడియం ఎర్రగా ఉండటానికి కారణం ఫినాల్ రెడ్. ఆమ్లం పెరిగితే పసుపు, క్షారమైతే గులాబీ. ఇంక్యుబేటర్ తలుపు తీయగానే కణాల పరిస్థితి చెప్పే రంగు. చాలామందికి ఇది వట్టి రంగే. 1986లో కాట్జెనెలెన్‌బోజెన్ ల్యాబ్ నుంచి వచ్చిన పేపర్ దీన్ని మార్చింది: మామూలుగా వాడే మోతాదులో ఫినాల్ రెడ్ రొమ్ము క్యాన్సర్ కణాల్లో బలహీనమైన ఈస్ట్రోజన్‌లా పనిచేస్తోంది. ఆ తర్వాత ఈస్ట్రోజన్ మీద పనిచేసేవాళ్లు రంగులేని మీడియం వాడటం అలవాటైంది. మాకు ఇంకో లాభం కూడా ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ జాడ కోసం తర్వాత వేయబోయే గ్రీస్ అనే రంగు పరీక్షలో 540 నానోమీటర్ల దగ్గర చదవాలి, ఫినాల్ రెడ్ రంగు సరిగ్గా ఆ చుట్టుపక్కలే అడ్డు తగులుతుంది. రంగులేని మీడియానికి అలవాటు పడటం మొదట్లో కష్టం. మంచినీళ్లలా ఉంటుంది. పీహెచ్ ఎటు పోతోందో కంటికి తెలియదు.

సీరంలో ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్, థైరాయిడ్ హార్మోన్లు, కార్టిసాల్ అన్నీ ఉంటాయి. బ్యాచ్‌ను బట్టి ఎంత అన్నది మారుతుంది. బొగ్గు పొడి, డెక్స్‌ట్రాన్ కలిపి తిప్పితే కొవ్వులో కరిగే చిన్న అణువులు బొగ్గుకు అంటుకుపోతాయి. ఇలా శుభ్రం చేసిన సీరాన్ని స్ట్రిప్డ్ సీరం అంటారు. ఇన్సులిన్ లాంటి ప్రొటీన్ హార్మోన్లు బొగ్గుతో పూర్తిగా పోవని ఇక్కడ గుర్తుంచుకోవాలి. పైగా స్టిరాయిడ్లతో పాటు కొన్ని విటమిన్లు, కొవ్వులు కూడా కొట్టుకుపోతాయి, కణాలు మెల్లగా నీరసిస్తాయి. అందుకే స్ట్రిప్డ్ సీరం ఒక శాతం వేసి రాత్రంతా ఉంచి, చివరి కొద్ది గంటలు సీరం అసలు లేకుండా నడిపాం. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే హ్యూవెక్ కణాలు విడిపోయి తేలడం మొదలుపెడతాయి.

సీనియర్ అక్క ఒకరు మధ్యలో వచ్చి చూసి, "ఇంత ఖాళీ మీడియంలో బతికే కణం ఒంట్లో ఎక్కడైనా ఉంటుందా? దీని మీద చూసింది ఒంటికి ఎలా వర్తిస్తుంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఒంటికి నేరుగా వర్తించదు. ఒక్కో హార్మోన్ ఏ తీగ లాగుతుందో తెలియాలంటే మిగతావాటిని కాసేపు బయట నిలబెట్టాల్సిందే. తర్వాత ఒక్కొక్కటే లోపలికి పిలుచుకోవచ్చు.

ఆల్కహాల్ లెక్క

ఈస్ట్రడయోల్ నీళ్లలో సరిగా కరగదు, ఇథనాల్‌లో కరిగించాలి. అణుభారం 272.4. మా డోసు 10 నానోమోలార్. రెండు మిల్లీలీటర్ల వెల్‌లో (ప్లేటులోని ఒక గుంటలో) అది 5.4 నానోగ్రాములు, కంటికి కనిపించే ప్రసక్తే లేదు.

చాలా ప్రోటోకాల్స్‌లో పోలిక కోసం హార్మోన్ వేయని కంట్రోల్ వెల్‌కు, హార్మోన్ వెల్‌కు రెండింటికీ 0.1 శాతం ఇథనాల్ వేస్తారు. వినడానికి చాలా తక్కువ. మోలార్‌లోకి మార్చితే 17 మిల్లీమోలార్ వస్తుంది. అంటే ఒక్కో ఈస్ట్రడయోల్ అణువుకు పదిహేడు లక్షల ఆల్కహాల్ అణువులు! ఇంకోలా చెప్పాలంటే 100 మిల్లీలీటర్లకు దాదాపు 80 మిల్లీగ్రాములు. కొన్ని దేశాల్లో బండి నడిపేవాళ్ల రక్తంలో ఇంతకన్నా ఎక్కువ ఉంటే కేసు పెడతారు. ఆల్కహాల్ కూడా ఎండోథీలియంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను కదిలించగలదు కాబట్టి, రెండు వైపులా సమానంగా వేశాం కదా అని ఊరుకోవడం నాకు నచ్చలేదు. స్టాక్ అనే చిక్కటి మూల ద్రావణాన్ని 1 మిల్లీమోలార్ దగ్గర ఉంచి, మిగతా పలుచన అంతా మీడియంలోనే మెట్లుమెట్లుగా చేస్తే చివరికి ఇథనాల్ 0.001 శాతానికి దిగింది. ఒక జాగ్రత్త కావాలి: నీటి మీడియంలో పలుచబడ్డ స్టిరాయిడ్ ప్లాస్టిక్ గోడకు అంటుకుపోతుంది. మధ్య మెట్లన్నీ గాజు వయల్స్‌లో చేశాం, కలిపిన వెంటనే వాడేశాం.

10 నానోమోలార్ ఎక్కువ కాదా అని కూడా అడుగుతారు. నెలసరి చక్రంలో ఈస్ట్రడయోల్ సుమారు 0.1 నుంచి 1.5 నానోమోలార్ మధ్య తిరుగుతుంది. గర్భం చివరి నెలల్లో పదుల నానోమోలార్లకు చేరుతుంది. మా కణాలు పుట్టింది బొడ్డుతాడులో కాబట్టి ఆ అంకె వాటికి కొత్త కాదు. అయినా రక్తంలో ఈస్ట్రడయోల్‌లో ఏ ప్రొటీన్‌కూ అంటుకోకుండా స్వేచ్ఛగా తిరిగేది రెండు శాతం ప్రాంతమే, డిష్‌లో మాత్రం దాదాపు అంతా స్వేచ్ఛగానే ఉంటుంది. అందుకే 0.1, 1, 10 మూడూ పెట్టాం.

మొదటి మంచి బ్లాట్

హార్మోన్ వేసిన తర్వాత 2, 5, 15, 30 నిమిషాలకు ప్లేటును ఐస్ మీదికి తీసి కణాలను పగలగొట్టాం. అందులోని ప్రొటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీలతో గుర్తుపట్టడమే బ్లాట్; ఒక్కో శాంపిల్ ఒక్కో లేన్‌లో నడుస్తుంది, ప్రొటీన్ ఉన్న చోట బ్యాండ్ అనే గీత కనిపిస్తుంది. ఫాస్ఫేట్లను కత్తిరించే ఎంజైములు ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి ఇక్కడ వేగమే ప్రాణం. వాటిని ఆపే వెనడేట్, ఫ్లోరైడ్ ముందే కలిపిన బఫర్ పెట్టుకోవాలి. మెంబ్రేన్ మీద ఖాళీలు పూడ్చడానికి పాలపొడి బదులు ఆల్బుమిన్ వాడాం. పాలలో ఉండే కేసీన్ కూడా ఫాస్ఫేట్లు మోసే ప్రొటీనే, ఫాస్ఫేట్ ఉన్న ప్రొటీన్‌ను పట్టే ఫాస్ఫో యాంటీబాడీతో బ్యాక్‌గ్రౌండ్ తెచ్చిపెడుతుంది.

పూర్తి మీడియంలో ఉంచిన కణాలది ఒక మెంబ్రేన్, ఖాళీ మీడియంలో ఉంచిన వాటిది ఇంకో మెంబ్రేన్. మొదటి దాంట్లో 140 కిలోడాల్టన్ల దగ్గర ఫాస్ఫో ఈనాస్ (ఫాస్ఫేట్ పడిన ఈనాస్) బ్యాండ్ కంట్రోల్ లేన్‌లోనే నల్లగా ఉంది. హార్మోన్ వేసిన లేన్లకూ దానికీ తేడా చెప్పడం కష్టం. ఎవరైనా ఈ ఒక్క మెంబ్రేన్ చూస్తే ఈస్ట్రడయోల్ నిమిషాల్లో ఏమీ చేయదని రాసేస్తారు. రెండో దాంట్లో కంట్రోల్ బ్యాండ్ పల్చగా ఉంది. 5 నిమిషాలకు చిక్కబడింది, 15కి ఇంకా, 30కి తగ్గుముఖం. మొత్తం ఈనాస్ బ్యాండ్ అన్ని లేన్లలో సమానం. అంటే ఎంజైమ్ కొత్తగా తయారవ్వలేదు, ఉన్నదే మేల్కొంది.

రిసెప్టర్ ద్వారానే జరిగిందా అని చూడటానికి ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఫుల్వెస్ట్రాంట్ ముందే ఇచ్చి మళ్లీ చేశాం. బ్యాండ్ పెరగలేదు. వార్ట్‌మానిన్‌తో పీఐ3 కైనేజ్‌ను ఆపితే కూడా పెరగలేదు. 17-ఆల్ఫా ఈస్ట్రడయోల్ పెట్టాలన్న ఆలోచన మేడమ్‌ది. అదే అణువు, ఒక్క హైడ్రాక్సిల్ దిశ తేడా, రిసెప్టర్‌ను చాలా బలహీనంగా పట్టుకుంటుంది. దానికి బ్యాండ్ దాదాపు కదల్లేదు. నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించింది ఈ కంట్రోలే.

పిపెట్ కూడా హార్మోనే

ఖాళీ మీడియంలోనూ కంట్రోల్ లేన్లు ఒక్కోసారి ఒక్కోలా రావడం విసిగించింది. 2 నిమిషాల కంట్రోల్ ఎప్పుడూ 30 నిమిషాల కంట్రోల్ కన్నా చిక్కగా వస్తోంది. ఇథనాల్ ఇద్దరికీ ఒక్కటే, మీడియం ఒక్కటే. చివరికి కారణం చేతిలోనే దొరికింది. ద్రవం వెల్‌లోకి పోసినప్పుడు కణాల మీదుగా పారుతుంది. ప్రవాహపు రాపిడి ఎండోథీలియానికి చాలా బలమైన సిగ్నల్. ధమనుల్లో అది చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 20 డైన్ల ప్రాంతంలో ఉంటుంది, ఈనాస్‌ను నడిపేవాటిలో హార్మోన్ల కన్నా ముందుండేది అదే అన్నా తప్పులేదు. కదలకుండా కూర్చున్న కణాల మీద ఒక్కసారి ద్రవం పోస్తే కొద్ది నిమిషాలు ఏకేటీ మేల్కొంటుంది.

అప్పటి నుంచి పద్ధతి ఇది: మీడియం మార్చడం లేదు. ముందే గోరువెచ్చగా చేసిన హార్మోన్‌ను చాలా కొద్ది పరిమాణంలో అంచు గోడ మీదుగా వదలడం, ప్రతి సమయానికి దాని సొంత కంట్రోల్ పెట్టడం. ప్లేటును ఇంక్యుబేటర్ నుంచి హుడ్ దాకా ఒకే మనిషి ఒకే నడకతో తీసుకెళ్లాలన్న నియమం చూసి పక్క ల్యాబువాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు, కంట్రోల్ లేన్లు మాత్రం చదునయ్యాయి.

నైట్రిక్ ఆక్సైడ్ కొలత

ఫాస్ఫేట్ పెరిగితే వాయువు కూడా పెరగాలి. కానీ పెరిగిందని అనుకోవడం వేరు, కొలవడం వేరు. నైట్రిక్ ఆక్సైడ్ క్షణాల్లో మాయమై నైట్రైట్‌గా మిగులుతుంది. గ్రీస్ పరీక్షలో సల్ఫనిలమైడ్, నాఫ్థైల్ ఇథిలీన్‌డైఅమీన్ కలిపితే నైట్రైట్ ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది. చవకది, సులువైనది. దాని చూపు మైక్రోమోలార్ దగ్గరే ఆగిపోతుంది. మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు పోసే నైట్రిక్ ఆక్సైడ్‌కు అది సరిపోతుంది, హ్యూవెక్ కణాలు అరగంటలో విడిచే కొసరుకు సరిపోదు. స్టాండర్డ్ గీత అందంగా వచ్చింది, శాంపిళ్లన్నీ ఖాళీ వెల్ పక్కనే పడ్డాయి. ఒక్క పూటలో ఆ దారి మూసేశాం.

డీఏఎఫ్-ఎఫ్ఎమ్ రంగుకు మారాం. కణంలోకి వెళ్లి, నైట్రిక్ ఆక్సైడ్ నుంచి పుట్టే పదార్థాలతో కలిసి ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ జాతి రంగులతో ఒక పేచీ ఉంది: ఆస్కార్బిక్ ఆమ్లం ఆక్సీకరణం చెందగా వచ్చే పదార్థం కూడా వీటితో కలిసి మెరవగలదు. కిట్‌లో ఆస్కార్బిక్ ఆమ్లం ట్యూబ్ ఉందని పైన రాశాను కదా, అదీ బయటికే. ఈనాస్‌ను ఆపే ఎల్-నేమ్ అనే నిరోధకం ముందే ఇచ్చిన వెల్స్‌లో మెరుపు పెరగకపోతేనే మిగతా మెరుపును నమ్మాలి. ఈస్ట్రడయోల్ వెల్స్‌లో మెరుపు పెరిగింది, ఎల్-నేమ్‌తో కంట్రోల్ స్థాయికి దిగింది. పెరుగుదల పెద్దదేమీ కాదు. నాళం వెడల్పవడానికి పెద్దది అక్కర్లేదు కూడా.

ఇన్సులిన్‌ను లోపలికి పిలిచాక

ఇన్సులిన్ ఎండోథీలియంలో రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి పైన చెప్పిన పీఐ3 కైనేజ్ దారి, చివర నైట్రిక్ ఆక్సైడ్. రెండోది మ్యాప్ కైనేజ్ దారి, చివర ఎండోథీలిన్-1. 1988లో యానగిసావా, మసాకీ బృందం వేరుచేసిన 21 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ నాళాలను గట్టిగా బిగిస్తుంది. అంటే ఒకే హార్మోన్ ఒకే కణంతో తెరిచే పనీ, మూసే పనీ చేయిస్తోంది. మామూలుగా మొదటిది పైచేయి. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌లో, అంటే ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించనప్పుడు, మొదటి దారి మొద్దుబారుతుంది, రెండోది బారదు. ఒంట్లో చక్కెర దించడానికి ఇన్సులిన్ ఎక్కువెక్కువ వస్తుంటే, ఆ ఎక్కువంతా బిగించే దారికే పోతుంది. డయాబెటిస్, బీపీ ఒకే ఇంట్లో కాపురం పెట్టడానికి ఇది ఒక కారణం.

డోసు దగ్గర మళ్లీ ఆగాం. పాత పేపర్లలో 100 నానోమోలార్ మామూలు. పరగడుపున రక్తంలో ఉండేది పదుల పికోమోలార్, భోజనం తర్వాత వందల పికోమోలార్. 100 నానోమోలార్ అంటే పరగడుపు స్థాయికి వెయ్యి రెట్ల పైమాటే. పైగా హ్యూవెక్ కణాల మీద ఇన్సులిన్ రిసెప్టర్ల కన్నా ఐజీఎఫ్-1 రిసెప్టర్లే ఎక్కువ. అంత మోతాదులో వేస్తే ఇన్సులిన్ వాటి తలుపు కూడా తడుతుంది. మేం 0.5 నానోమోలార్ తీసుకున్నాం, పక్కనే పోలిక కోసం 100 కూడా.

0.5 దగ్గర ఏకేటీ కదలిక కనిపించింది, చిన్నదే. 100 దగ్గర భారీగా. ఎండోథీలిన్‌ను కొలిచే ఎలైసా అనే యాంటీబాడీ పరీక్ష కోసం మీడియం చాలా గంటలు పోగుచేయాలి కాబట్టి అది అరగంట గీతలోంచి బయటికి వచ్చింది, మేడమ్ అనుమతితో. ఈస్ట్రడయోల్, ఇన్సులిన్ కలిపి వేసినప్పుడు ఫాస్ఫో ఈనాస్ రెండింటి మొత్తంగా రాలేదు. విడిగా వేసిన ఈస్ట్రడయోల్ కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఇద్దరూ ఒకే వంతెన దాటాలి కాబట్టి కూడిక రాకపోవడంలో వింత లేదు. నాకు ఆసక్తిగా అనిపించింది వార్ట్‌మానిన్ లేన్. పీఐ3 కైనేజ్ ఆగిపోతే ఈనాస్ బ్యాండ్ పడిపోయింది, ఇన్సులిన్ ఇచ్చిన చోట రెండో దారిలోని మ్యాప్ కైనేజ్ అయిన ఈఆర్‌కే మీది ఫాస్ఫేట్ మాత్రం చెక్కుచెదరలేదు. రెసిస్టెన్స్ గురించి బొమ్మల్లో చూసింది జెల్ మీద కనిపించింది. అక్కడ ఈస్ట్రడయోల్ వేసినా తెరిచే వైపు ఏ సాయమూ అందలేదు, ఎందుకంటే దాని దారి కూడా అదే వంతెన మీదుగా.

గ్రూప్ మీటింగ్

స్లైడ్లు చూశాక వైద్యం చదువుతున్న ఒకాయన అడిగారు: "అయితే మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలిస్తే గుండెకు మంచిదనేగా?" ఈ ప్రశ్నకు ప్రపంచం పెద్ద ధరే చెల్లించింది. డిష్‌లో, జంతువుల్లో వచ్చిన ఇలాంటి ఫలితాలు, పరిశీలన అధ్యయనాలు కలిసి అప్పట్లో అందరికీ అదే నమ్మకం కలిగించాయి. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ 16,608 మంది మహిళల మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు) కలిపిన మాత్రను పరీక్షించింది. 2002లో, సగటున 5.2 ఏళ్ల తర్వాత, లాభం కన్నా నష్టం ఎక్కువని ఆపేశారు. గుండె జబ్బు తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆ మహిళల సగటు వయసు 63. అప్పటికే నాళాల లోపలి పొర గట్టిపడి, కొవ్వు పేరుకుని ఉండే వయసు. మాత్రలో ఉన్నది వేరే ఈస్ట్రోజన్ల మిశ్రమం, దానికి తోడు మెడ్రాక్సిప్రొజెస్టిరాన్ అనే ప్రొజెస్టిన్. పైగా నోటి ద్వారా వెళ్లిన ఈస్ట్రోజన్ ముందు కాలేయాన్ని కదిలించి రక్తం గడ్డకట్టే ప్రొటీన్లను పెంచుతుంది. మా డిష్‌లో కాలేయం లేదు, కొవ్వు పేరుకున్న గోడ లేదు, ప్రొజెస్టిన్ లేదు. కణం దగ్గర ఫాస్ఫేట్ ఎక్కడ పడుతుందో చెప్పగలం, మాత్ర రాయాలో వద్దో చెప్పలేం అని జవాబిచ్చాను. ఆయన ఒప్పుకున్నారు గానీ ముఖంలో అసంతృప్తి పోలేదు.

తర్వాతి ప్లేట్లు

ఇప్పుడు ఆల్డోస్టిరాన్ మొదలవుతోంది. కిడ్నీలో ఉప్పు పట్టి ఉంచే హార్మోన్‌గా పేరు, కానీ దాని రిసెప్టర్ ఎండోథీలియంలో కూడా ఉంది. అక్కడ కణాన్ని బిరుసుగా చేసి నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది. ఆ రిసెప్టర్‌ను కార్టిసాల్ కూడా అంతే గట్టిగా పట్టుకోగలదు, రక్తంలో అది ఆల్డోస్టిరాన్ కన్నా వందల రెట్లు ఎక్కువ. కిడ్నీ కణాల్లో కార్టిసాల్‌ను పనికిరాని కార్టిసోన్‌గా మార్చే ఎంజైమ్ కాపలా ఉంటుంది. మా కణాల్లో ఆ కాపలా ఎంత గట్టిదో ముందు బ్లాట్‌లో చూసుకోవాలి. కిట్‌లోని హైడ్రోకార్టిసోన్‌తో పెంచిన కణాలను రాత్రంతా ఖాళీ మీడియంలో ఉంచితే రిసెప్టర్ నిజంగా ఖాళీ అవుతుందా అన్నది రెండో ప్రశ్న.

అందుకని ఈసారి సగం ఫ్లాస్కులు మొదటి నుంచీ హైడ్రోకార్టిసోన్ ట్యూబ్ కలపకుండానే పెంచుతున్నాం. పెరుగుదల కొంచెం నిదానంగా ఉంది, అతుకులు మునుపటంత బిగువుగా లేవు. ఆల్డోస్టిరాన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఎప్లెరినోన్ పౌడర్ వచ్చింది, స్టాక్ చేసి ఫ్రీజర్ రెండో అరలో పెట్టాను. ఫ్లాస్కులు నిండగానే ఆరు వెల్స్ ప్లేట్లలోకి మారుస్తాం, రెండు రకాల కణాలూ ఒకే రోజు, ఒకే చేత్తో.